కాగితం మీద నేలమాళిగ – మూడో పాఠం: పాచిక ముందా, ఎత్తు ముందా?

కాగితం, పెన్సిల్, పాచికలతో నేలమాళిగ ఆటను సొంతంగా కట్టుకోవడం నేర్పే పాఠాల్లో ఇది మూడోది. పోయినసారి ఇచ్చిన పని చేసి ఉంటే, మీ గళ్ళ నోటుబుక్కులో ఈపాటికి ఆరు గదులు, వాటిని కలిపే సందులు, ఏదో ఒక సందు మలుపులో ఒక పందికొక్కు ఉండాలి. మీరు నడిపే వీరుడు ఒక గడి జరిగితే పందికొక్కూ ఒక గడి జరుగుతుంది. మీరు టీ తాగడానికి లేస్తే అది కూడా అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది. వంతులవారీ ఆటలో ఉన్న సుఖం అది. అయితే ఇద్దరూ పక్కపక్క గళ్ళలోకి వచ్చాక ఏం జరగాలో రెండో పాఠంలో చెప్పకుండా వదిలేశాను. ఈ పాఠమంతా దాని గురించే.

ఈసారి కావలసినవి: ఆరు ముఖాల పాచికలు మూడు, గవ్వలు నాలుగు, పెన్సిల్, రబ్బరు. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీసుకోండి. మా ఇంట్లో ఎప్పుడూ అవే వాడేవాళ్ళం.

కొట్లాట నియమాలు రాసే ముందు, మీకు తెలిసిన రెండు ఆటలు ఒకసారి తలుచుకోండి. వైకుంఠపాళిలో పాచిక పడుతుంది, కాయ జరుగుతుంది, నిచ్చెన వస్తే ఎక్కుతారు, పాము వస్తే జారతారు. మీ బుర్రకు అందులో పనేమీ లేదు. మీ బదులు పక్కింటి పిల్లాడు పాచిక వేసినా ఫలితం మారదు. అష్టాచెమ్మా అలా కాదు. గవ్వలు వేశాక మూడు పడిందనుకోండి. మీ నాలుగు కాయల్లో దేన్ని మూడు గళ్ళు జరపాలి? ఎదుటివాళ్ళ కాయను చంపాలా, మీ కాయను ఇంటూ గుర్తున్న గడిలో దాచుకోవాలా, పండడానికి దగ్గరపడినదాన్ని లోపలికి తోసేయాలా? గవ్వలు ఎంత పడాలన్నది మీ చేతిలో లేదు, పడినదాన్ని ఏం చేసుకోవాలన్నది మీ చేతిలోనే ఉంది. ఆటలో ఉన్న మజా అంతా ఆ రెండో సగంలో ఉంది.

ఇక మూడో రకం ధర్మరాజు ఆడింది. ముందు పందెం ఒడ్డాలి, తర్వాత పాచిక పడాలి. నిర్ణయం అయిపోయింది, ఇక చూస్తూ కూర్చోవడమే. ఎదుట శకుని ఉన్నాడా లేడా అన్నది వేరే సంగతి.

మొదటి పాఠంలో చెప్పుకున్న 'రోగ్' అనే పాత కంప్యూటర్ నేలమాళిగ ఆట కొట్లాట విషయంలో ఈ మూడో రకానికే చెందుతుంది. 1980 ప్రాంతంలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు కాలిఫోర్నియాలో దాన్ని మొదలుపెట్టారు, తర్వాత కెన్ ఆర్నాల్డ్ చేయి కలిపాడు. అందులో మీరు రాక్షసి వైపు అడుగు వేస్తే అదే దెబ్బ కొట్టడం. ఆ తర్వాత కంప్యూటర్ లోపల పాచిక వేసుకుని తగిలిందో లేదో మీకు చెబుతుంది. దెబ్బ బలం కూడా పాచికలే: డ్రాగన్ ఒక వంతులో రెండుసార్లు ఎనిమిది ముఖాల పాచిక, ఒకసారి పది ముఖాల పాచికలు మూడు వేస్తుంది. అన్నీ తగిలితే సగటున 25.5, గరిష్ఠంగా 46. ఆట మొదలుపెట్టే వీరుడికి ఉండే ప్రాణం 12. అందుకే డ్రాగన్‌ను అడుగు అంతస్తుల దగ్గర పెట్టారు.

రోగ్‌లో ఆ పద్ధతి నడిచిందంటే కారణం ఉంది. అక్కడ అసలు నిర్ణయాలు కొట్లాటకు బయట ఉంటాయి: పారిపోవాలా, ఏమిటో తెలియని మందు తాగి చూడాలా, ఇరుకు సందులోకి వెనక్కి తగ్గి ఒక్కొక్కరినే ఎదుర్కోవాలా. కంప్యూటర్ కాబట్టి పాచిక లెక్క క్షణంలో అయిపోతుంది. కాగితం మీద మాత్రం ప్రతి దెబ్బకూ మనమే పాచిక వేయాలి, మనమే రాయాలి. అంత శ్రమపడి 'తగల్లేదు' అని రాసుకోవడమంత నీరసం ఇంకోటి లేదు. నా మొదటి ఆట అలాగే తయారైంది. ఒక్క పాచిక వేసి, నాలుగు లేదా ఎక్కువ పడితే అంత దెబ్బ, లేకపోతే ఖాళీ. మా తమ్ముడు రెండో పందికొక్కు దగ్గర వరసగా మూడుసార్లు ఖాళీ వేసి, పెన్సిల్ కింద పెట్టి, 'దీనికంటే వైకుంఠపాళి నయంరా, దాంట్లో కనీసం పాములున్నాయి' అన్నాడు. మూడు ఖాళీలు వరసగా పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఒక సాయంత్రం ఆటలో అది ఒక్కసారైనా రాకుండా ఉండదు.

కాబట్టి మనం అష్టాచెమ్మా దారి పడదాం. పాచికల మీదే నేలమాళిగ ఆటలు కట్టేవాళ్ళు కంప్యూటర్‌లోనూ ఈ దారి పట్టారు. టెర్రీ కావనా 2019లో విడుదల చేసిన 'డైసీ డంజన్స్' దానికి మంచి ఉదాహరణ. అందులో వంతు మొదట్లోనే పాచికలు పడిపోతాయి, వాటిని ఏ ఆయుధంలో పెట్టాలన్నదే ఆట. కొన్ని ఆయుధాల్లో చిన్న పాచికలే పడతాయి, కొన్నింటికి సరి సంఖ్యే కావాలి.

మన నియమాలు ఇవి. పేజీ అడుగున మూడు పెద్ద గళ్ళు గీయండి, ఒక్కో గడిలో ఒక్క పాచికే పట్టాలి. మొదటిది కత్తి: 4, 5, 6 మాత్రమే పెట్టవచ్చు, ఎంత పెడితే శత్రువుకు అంత దెబ్బ. రెండోది డాలు: ఏ ముఖమైనా పెట్టవచ్చు, మీకు తగలబోయే దెబ్బలో అంత తగ్గుతుంది. మూడోది వత్తి: 1, 2, 3 మాత్రమే పడతాయి, ఎంత పెట్టినా ఒక్క వత్తే వస్తుంది, అదీ తర్వాతి వంతు నుంచే పనికొస్తుంది. వీరుడు 12 ప్రాణాలతో, ఒక వత్తితో బయలుదేరతాడు.

వత్తి ఎందుకంటే, ఒక వత్తి వెలిగిస్తే ఒక పాచికను బోర్లించవచ్చు. చేతిలో పాచిక ఉంటే తిప్పి చూడండి: సరిగా చేసిన పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఎప్పుడూ ఏడే. 1 కింద 6, 2 కింద 5, 3 కింద 4. పుట్టుకతోనే దానికున్న ఈ గుణాన్ని మనం ఉచితంగా వాడుకుంటున్నాం.

వంతు వరస కూడా ముఖ్యం. ముందు శత్రువు ఈ వంతులో ఎంత కొట్టబోతోందో పైకి రాయాలి. తర్వాత మీరు మూడు పాచికలు వేసి గళ్ళలో సర్దాలి. మీ కత్తి ముందు తగులుతుంది. అది చావకుండా మిగిలితేనే దాని దెబ్బ మీకు. శత్రువు ఉద్దేశం ముందే తెలియకపోతే డాలులో ఎంత పెట్టాలన్నది గుడ్డి పందెం అవుతుంది, మళ్ళీ ధర్మరాజు దగ్గరికి వచ్చేస్తాం.

ఒక వంతు ఆడి చూద్దాం. పందికొక్కు ప్రాణం 9, దెబ్బ 5. (ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కే. పేరు మన దగ్గర తీసుకుని తీరిగ్గా ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు కూడా తగిలించారు.) మీకు 6, 2, 2 పడ్డాయి. పైకి చూస్తే సర్దుబాటు తేలిక: 6 కత్తికి, ఒక 2 డాలుకి, ఇంకో 2 వత్తికి. పందికొక్కుకు 3 మిగులుతుంది, మీకు 3 పోతుంది, చేతిలో రెండు వత్తులు. లేదా ఉన్న వత్తి వెలిగించి డాలులో పెట్టబోయే 2ను 5 చేయండి. దెబ్బ మొత్తం ఆగిపోతుంది, వత్తి గడి పుణ్యమా అని చేతిలో ఒకటి ఉంటుంది. అంటే ఒక వత్తి ఖరీదు ఇప్పుడు మూడు ప్రాణాలు. ఇవ్వాలా?

నేనైతే ఇస్తాను. మీరు కాదనవచ్చు, కానీ లెక్క చూసి కాదనండి. పందికొక్కుకు మిగిలింది 3, తర్వాతి వంతులో కత్తి గడిలో ఏది పడినా అది చస్తుంది. మూడు పాచికల్లో ఒక్కటి కూడా 4కు చేరకపోయే అవకాశం సగంలో సగంలో సగం, ఎనిమిదింట ఒకటి. ఆ ఒక్కసారికి కూడా చేతిలో ఒక వత్తి ఉంది కదా, బోర్లించేయవచ్చు. రెండో వత్తికి ఈ కొట్లాటలో పనే లేదు. ముందు గదిలో ఇంతకంటే పెద్ద ప్రాణి ఉందని మీకు తెలిస్తే మాత్రం మాట వేరు.

ఆ ఎనిమిదింట ఒకటి మీద ఒక్క నిమిషం ఆగండి. మా తమ్ముడు వరసగా వేసిన మూడు ఖాళీలకూ ఇదే అవకాశం. పాచికలు మారలేదు, లెక్క మారలేదు. పాత ఆటలో ప్రతి రెండు వంతుల్లో ఒకటి వృథా అయ్యేది. మూడింటినీ ఒకేసారి ముందే వేసేసరికి కత్తి ఖాళీగా ఉండే వంతు ఎనిమిదింట ఒకటికి తగ్గింది. ఆ వంతులో కూడా డాలుకో పాచిక, వత్తికో పాచిక దొరుకుతాయి.

ఇక శత్రువులకు ప్రాణం ఎంత పెట్టాలి? ఊరికే అంకెలు వేస్తే ఆట ఐతే విసుగొచ్చేలా సాగుతుంది, కాకపోతే చప్పున అయిపోతుంది. మూడు పాచికలు వేస్తే మొత్తం 6×6×6, అంటే 216 రకాలుగా పడతాయి. వాటిలో పెద్ద పాచిక 6 అయ్యేవి 91, 5 అయ్యేవి 61, 4 అయ్యేవి 37. మిగతా 27లో కత్తికి ఏమీ లేదు. పెద్దదాన్ని ఎప్పుడూ కత్తికే పెడితే సగటు దెబ్బ 999 ÷ 216, అంటే 4.6కు కొంచెం పైన. ఒక్క పాచికతో ఆడిన నా పాత ఆటలో అది 2.5 మాత్రమే. పందికొక్కుకు 9 పెట్టింది ఇందుకే: రెండు వంతుల సరుకు. వత్తులు వాడకుండా ఆడినా నాలుగింట మూడుసార్లు దాదాపుగా రెండు వంతుల్లో పోతుంది. మూడు వంతులు నిలబడే ప్రాణి కావాలంటే 13, 14 పెట్టండి.

ఎదుటి దెబ్బ సంగతి కూడా ఇలాగే. పెద్ద పాచిక కత్తికి పోయాక నడిమిది డాలుకి వస్తుంది, దాని సగటు 3.5. దెబ్బ 5 కాబట్టి పోయేది 1.5 అనుకుంటారు. నిజానికి 1.6 దగ్గర పోతుంది, ఎందుకంటే డాలులో 6 పడినప్పుడు మిగిలిన ఒకటి మీకు ప్రాణంగా తిరిగి రాదు. ఈ చిన్న తేడాను పట్టించుకోని రోజుల్లో నా వీరులు నాలుగో గది దాటేవాళ్ళు కారు. ఈ అంకెలతో 12 ప్రాణాలవాడు ఐదారు పందికొక్కులను దాటగలడు. ఆరు గదుల అంతస్తుకు అది సరిగ్గా బిగుతుగా ఉంటుంది.

ఇప్పుడు గవ్వలు బయటికి తీయండి. రెండో శత్రువు తేలు, ప్రాణం 6. దాని దెబ్బ ప్రతి వంతూ మారుతుంది: నాలుగు గవ్వలు వేయండి, ఎన్ని వెల్లకిలా పడితే అంత. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, 8. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే పదహారింట నాలుగుసార్లు 1, ఆరుసార్లు 2, నాలుగుసార్లు 3, ఒక్కోసారి 4, 8. సగటు తీయండి: 2.5. నాలుగు ముఖాల పాచిక వేసినా సగటు 2.5 వస్తుంది. రెండిటికీ సగటు ఒకటే, గుండె దడ మాత్రం ఒకటి కాదు. పాచిక నాలుగు దాటదు. గవ్వలు మందకొడిగా ఒకటి, రెండు అంటూ ఉండి ఉన్నట్టుండి ఎనిమిది చూపిస్తాయి. తేలు కుట్టడం అలాగే ఉంటుంది కదా. మన పాతవాళ్ళు ఇలాంటి వంకర పంపిణీని పసిపిల్లల చేతికిచ్చి, సగటు, విచలనం అన్న మాటలు లేకుండానే నేర్పేశారు.

ఇక్కడ వరస విలువ మళ్ళీ తెలుస్తుంది. మీరు పాచికలు సర్దేశాక అష్టా పడితే అది దౌర్భాగ్యం. ముందే పడి, 8 అని పైన రాసి ఉండగా మీరు పాచికలు వేస్తే అదే ఒక చిక్కుముడి: ఈ వంతులోనే చంపేయగలనా, లేక డాలుకి ఎంత పెడితే బతుకుతాను?

ఒక హెచ్చరిక. నిజమైన గవ్వ బొమ్మాబొరుసు కాదు, దాని వీపు గుండ్రం, పొట్ట బల్లపరుపు. అరగదీసిన చింతపిక్కా అంతే. మీ గవ్వలు నాలుగూ ఒక వందసార్లు వేసి గీతలు పెట్టుకోండి. అష్టా మరీ ఎక్కువ వస్తుంటే తేలుకు ప్రాణం ఒకటి తగ్గించండి.

అభ్యాసం. పందికొక్కుతో ఐదు, తేలుతో ఐదు, మొత్తం పది కొట్లాటలు ఆడండి. ఒక్కోదానికి మూడు అంకెలు రాయండి: ఎన్ని వంతులు పట్టింది, ఎంత ప్రాణం పోయింది, ఎన్ని వంతుల్లో ఆలోచించాల్సిన పనే లేకుండా పోయింది. మూడో అంకె వంతుల్లో సగం దాటితే నియమాల్లో ఎక్కడో వైకుంఠపాళి దూరినట్టు. నాలుగో పాఠంలో కొత్త ఆయుధాలు రాసేటప్పుడు ఆ కాగితంతోనే మొదలుపెడతాం.

ఓపిక ఉన్నవాళ్ళకు ఇంకొకటి. ప్రతి వంతులోనూ మీ దగ్గర ఒక వత్తి ఉంటుందనుకుని, దాన్ని ఎప్పుడూ కత్తి కోసమే వాడితే సగటు దెబ్బ ఎంత? 216 రకాలూ రాయనక్కర్లేదు. బోర్లించగలిగినప్పుడు పాచికకు నిజంగా ఎన్ని ముఖాలున్నట్టో చూడండి, ఇరవై ఏడుతో పని అయిపోతుంది. అది తేలాక, ఈ ఆటలో అన్నిటికంటే చవక ముఖం ఏదో రాయండి. 1 అని రాయబోతుంటే పాచిక మళ్ళీ ఒకసారి తిప్పి చూడండి.