కావలి నుంచి సింగరాయకొండ దాకా పరుగుకు ముందు

శివరాత్రి దగ్గరపడుతోంది. చలి పోయిందంటే ఎండ ఆగదు. జాతీయ రహదారి 16 వెంట, ముక్కూముఖం తెలియనివాళ్లు పెట్టే నీళ్లనూ అన్నాన్నీ నమ్ముకుని పరుగెత్తేవారు ఇవి చూసుకోండి.

ఎండ నెత్తికెక్కక ముందే నీడ పట్టుకోండి. తల తిరిగి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. అప్పుడు సాయం అడగాలన్న తెలివి కూడా ఉండదు.

ఉత్త నీళ్లే తాగుతూ పోకండి. ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఉలవపాడు దగ్గర, మామిడి పూత రాలుతున్న వాకిట్లో ఒక అమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. అడుగున కరగని కల్లుప్పు పలుకులు. ఆ చివరి గుక్కే నన్ను నిలబెట్టింది. ఉప్పు అడగడానికి మొహమాటపడకండి.

ఎదురొచ్చే బండ్లు కనిపించే అంచునే పరుగెత్తండి.

రాత్రి బస పొద్దుండగానే అడగండి. చీకటి పడ్డాక కొత్తమనిషి తలుపు తడితే ఎవరైనా భయపడతారు, తప్పు వాళ్లది కాదు.

అన్నం పెట్టిన చేతిలో డబ్బు పెట్టకండి, నొచ్చుకుంటారు. పిల్లలకు పండ్లు కొనివ్వండి.

ఇంటి ఫోను నంబరు చీటీ మీద రాసి, తడవకుండా కవరులో జేబులో పెట్టుకోండి.