పాత ఇల్లు కొనేముందు మురుగు పైపులో కెమెరా దింపించండి

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లు పైకప్పు, ఏసీ చూస్తారు గానీ భూమిలో ఉన్న సీవర్ పైపు సంగతి అడగరు. ఇంటి నుంచి వీధి మెయిన్ లైన్ దాకా అది చాలా ఊళ్లలో ఇంటి యజమానిదే. రోడ్డు కింది ముక్క కూడా కొన్నిచోట్ల మన నెత్తినే. మా ఇంట్లో బాత్‌టబ్‌లోకి మురుగు పైకి తన్నాక కెమెరా దింపితే, పాత మట్టి పైపు అతుకు దగ్గర చిక్కుపడ్డ జుట్టులా చెట్టు వేళ్లు! మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో ఈ పైపు రిపేరు ఖర్చు సాధారణంగా ఉండదు, సర్వీస్ లైన్ కవరేజీ (ఇలాంటి భూమిలోని లైన్లకు బీమా) విడిగా చేర్పించుకోవాలి. సంతకాలకు ముందే ‘సీవర్ స్కోప్’, అంటే పైపులో కెమెరా దింపి చూసే తనిఖీ, చేయించమని గట్టిగా అడగండి. ఫ్లష్ చేసినప్పుడు టబ్‌లో బుడగలొస్తుంటే ఆలస్యం చేయకుండా పైపు చూపించండి. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా సరే, వెట్ వైప్స్ మాత్రం టాయిలెట్‌లో వేయొద్దు. తవ్వించాల్సి వస్తే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.