పసిబిడ్డ తలగాయం: కోర్టుకు అభిప్రాయం రాసేముందు నేను చూసే వరుస

పసిబిడ్డ తలగాయం ప్రమాదం వల్లనా, జబ్బు వల్లనా, ఎవరైనా కుదిపో కొట్టో చేసిందా అని కోర్టు డాక్టరుగా నన్ను అడిగినప్పుడు, ఫైలు చేతికి రాగానే నేను స్కాన్లు తెరవను. అవి ముందు చూస్తే మనసు అక్కడే ఆగిపోతుంది, తర్వాత చదివేదంతా వాటికి తగ్గట్టే కనిపిస్తుంది. మొదట కాలక్రమం రాసుకుంటాను: బిడ్డ చివరిసారి మామూలుగా పాలు తాగింది ఎప్పుడు, అది చూసింది ఎవరు, మత్తు, వాంతులు, ఫిట్స్ ఎప్పుడు మొదలయ్యాయి, ఆస్పత్రికి ఎన్నింటికి చేరారు. అంబులెన్స్ సిబ్బంది కాగితాలు, మొదటి రోజు నర్సులు రాసిన నోట్స్ తప్పకుండా చదవండి. పెద్ద డాక్టరు సమ్మరీలో "కింద పడిందట" అని ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి, నర్సు నోట్స్‌లో ఎంత ఎత్తు నుంచి, దేని మీద, ఎవరి చేతుల్లోంచి అన్న వివరాలతో దొరకవచ్చు. చెప్పిన కథ మారితే, ప్రతి రూపాన్నీ సమయంతో సహా రాసిపెట్టండి. కాకపోతే కంగారులో ఉన్న తల్లిదండ్రులు మాట మార్చడం వేరు, రాసుకున్న నలుగురు నాలుగు రకాలుగా వినడం వేరు. ఏది జరిగిందో తేల్చకుండా దాన్ని అనుమానంగా లెక్కవేయకండి.

తర్వాత పాత రికార్డులు తెప్పించండి. ప్రసవం ఎలా జరిగింది, పుట్టగానే రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె ఇచ్చారా, టీకాలకు వచ్చినప్పుడల్లా తల చుట్టుకొలత ఎంత ఉంది? ఆ గ్రాఫు వారాల కిందటే పైకి ఎగబాకుతుంటే సమస్య ఆస్పత్రికి తెచ్చిన రోజున మొదలైంది కాకపోవచ్చు. ఏ ఇబ్బందీ లేని నవజాత శిశువుల్లో కూడా ప్రసవం వల్ల పల్చని సబ్‌డ్యూరల్ రక్తం, అంటే మెదడును కప్పే గట్టి పొర కింద చేరే రక్తం, కనిపించడం మామూలే. 3 నెలల వయసుకల్లా అది దాదాపు ఎప్పుడూ కరిగిపోతుంది. కాబట్టి 3 వారాల బిడ్డ రిపోర్టులో ఈ మాట లేకపోతే డిఫెన్స్ లాయరు మొదట అడిగేది అదే. 6 నెలల బిడ్డ తలలో తాజా రక్తానికి మాత్రం ఈ వివరణ నిలబడదు. అంతకుముందు చెంప మీదో, చెవి మీదో, ఛాతీ మీదో కమిలిన మచ్చ ఉందని ఎవరైనా రాశారా అన్నది కూడా వెతకండి. ఇంకా పాకడం కూడా రాని బిడ్డకు అలాంటి మచ్చలు ఊరికే రావు.

ఇప్పుడు అందరూ పట్టుకునే మూడు లక్షణాలు: సబ్‌డ్యూరల్ రక్తస్రావం, రెటీనాలో (కంటి లోపల వెనక ఉండే పొరలో) రక్తం, మెదడు దెబ్బతినడం. కుదపడం వల్ల సబ్‌డ్యూరల్ రావచ్చని 1971లో బ్రిటిష్ న్యూరోసర్జన్ నార్మన్ గత్‌కెల్చ్ రాశారు. ఈ మూడూ ఉంటే కుదిపినట్టే అనడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని 2016లో స్వీడన్ ప్రభుత్వ సమీక్ష అంది. పిల్లల వైద్యులు చాలామంది దాన్ని గట్టిగా విమర్శించారు. నా మటుకు నాకు ఆ గొడవలో పక్షం ఎంచుకోవాల్సిన పని కనిపించదు. మూడు టిక్కులు పెట్టి తీర్పు చెప్పేవాడు ఎవరైనా సరే పని సరిగా చేయనట్టే.

కంటి రిపోర్టులో "రెటీనాలో రక్తస్రావం ఉంది" అని మాత్రమే ఉంటే వెనక్కి పంపండి. కంటిపాప పెద్దదయ్యేలా మందు వేసి కంటి డాక్టరు చూశారా, మచ్చలు ఎన్ని, ఎన్ని పొరల్లో, అంచుల దాకా ఉన్నాయా, ఫొటోలు ఉన్నాయా? కంటి నరం చుట్టూ నాలుగైదు చుక్కలకూ, రెటీనా అంతటా అన్ని పొరల్లో పరుచుకున్న రక్తానికీ విలువ ఒకటి కాదు.

రక్త పరీక్షల్లో రెండు చోట్ల బోల్తా పడతారు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్షలు పీటీ, ఏపీటీటీ. పీటీ కొంచెం పెరిగితే రక్తం గడ్డకట్టని జబ్బు అనుకుంటారు. మెదడు గాయం వల్ల కూడా అది పెరుగుతుంది. రెండోది, పీటీ, ఏపీటీటీ నార్మల్ వస్తే నిశ్చింతగా ఉండటం. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను ఫ్యాక్టర్లు అంటారు, వాటిలో ఫ్యాక్టర్ 13 లోపం ఆ రెండింటిలోనూ కనిపించదు, విడిగా అడగాలి. ప్లాస్మా ఎక్కించాక తీసిన శాంపిల్ అయితే ఫ్యాక్టర్ల లెక్కను నమ్మకండి. తల పెద్దగా ఉండి, మెదడు ముందు, పక్క భాగాలు కుంచించుకుపోయి ఉంటే గ్లుటారిక్ అసిడూరియా టైప్ 1 అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుకు పరీక్ష చేశారా అని చూడండి.

స్కాన్ల దగ్గరికి ఆఖర్న వస్తాను. నలుపూ తెలుపూ కలిసిన సబ్‌డ్యూరల్ కనిపించగానే "పాతదొకటి, కొత్తదొకటి, రెండుసార్లు కొట్టారు" అని రాసేవాళ్లున్నారు. తాజా రక్తంలో మెదడు చుట్టూ ఉండే నీరు కలిసినా అలాగే కనిపిస్తుంది. రంగును బట్టి గంటలు లెక్కకట్టకండి. గాయం ఎప్పుడు జరిగిందో చెప్పడానికి బిడ్డ పరిస్థితి మారిన సమయమే అంతకంటే పనికొస్తుంది, అది కూడా హద్దుల్లోనే. ఎముకల ఎక్స్‌రేలు రెండు వారాలకు మళ్లీ తీశారో లేదో అడగండి. మొదటి రోజు కనిపించని పక్కటెముకల విరుపు, మానడం మొదలయ్యాకే బయటపడుతుంది.

అభిప్రాయంలో "హింస జరిగి ఉండవచ్చు" అని వదిలేస్తే జడ్జికి ఉపయోగం లేదు. ఎవరైనా చెప్పిన ప్రమాదం, జబ్బు, ప్రసవం, హింస, ఒక్కోదాన్నీ తీసుకుని ఏ లక్షణాన్ని వివరిస్తుందో, దేన్ని వివరించలేకపోతోందో రాయండి. ఎవరు చేశారన్నది మన ప్రశ్న కాదు. బోనులో ఎంత తిప్పి అడిగినా జవాబు చెప్పకండి. మీకు అందని కాగితాల జాబితా మొదటి పేజీలోనే పెట్టండి. అవి తర్వాత వస్తే, అభిప్రాయం మారినా మారకపోయినా, అనుబంధ రిపోర్టు రాసి రెండు పక్షాలకూ చేరేలా కోర్టులో ఇవ్వండి.