రాత్రిళ్లు చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోందా? ముందు ఏ వేళ్లో చూసుకోండి

విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో అనంతపురం పల్లెల్లో ఆడవాళ్ల నోట తరచూ వినిపించే మాట: "నడిరాత్రి చెయ్యి మొద్దుబారి లేస్తాను, విదిలిస్తే సర్దుకుంటుంది." తాడిపత్రి, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో పాలిష్ మిషన్ పట్టేవాళ్లదీ ఇదే బాధ. చాలామంది దీన్ని నరాల బలహీనత అనుకుని బలం ఇంజెక్షన్లతో నెలలు గడిపేస్తారు. విటమిన్ బీ12 నిజంగా తక్కువగా ఉన్నవాళ్లకు అవి పని చేస్తాయి. మణికట్టు దగ్గర నరం నలుగుతున్నవాళ్లకు మాత్రం ఆ ఒత్తిడి తీస్తే తప్ప తిమ్మిరి పోదు.

అరచేతి మొదట్లో ఒక ఇరుకు దారి ఉంది. అడుగునా పక్కలా ఎముకలు, పైన దిట్టమైన పట్టీ. వేళ్లను ముడిచే తాళ్లలాంటి టెండాన్లు తొమ్మిది, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే పోవాలి. పని ఎక్కువై టెండాన్ల పైపొర వాచినా, ఒంట్లో నీరు చేరినా ఆ దారి సాగదు, మధ్యలో ఉన్న నరమే నలుగుతుంది. దీన్నే డాక్టర్లు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు వంచితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిద్రలో చెయ్యి మడిచి చెంప కింద పెట్టుకుంటాం కదా, రాత్రే ఎక్కువ కావడానికి అదొక కారణం.

ఈసారి మెలకువ వచ్చినప్పుడు వెంటనే విదిలించకుండా ఒక్క నిమిషం ఆగి, ఏ వేళ్లు మొద్దుబారాయో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు, ఉంగరపువేలిలో నడివేలి వైపు సగం అయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం మీదే అనుమానం. చిటికెనవేలు, దాని పక్క సగం అయితే అది అల్నార్ నరం. అది ఎక్కువగా మోచేతి దగ్గర నలుగుతుంది, మణికట్టుకు పట్టీ కడితే ఉపయోగం లేదు. ఆ రకానికి రాత్రిపూట మోచేయి మడవకుండా తువ్వాలు చుట్టుకోవాలి, పగలు మోచెయ్యి బల్లకు ఆనించకూడదు, ఫోన్ చెవి దగ్గర పట్టుకుని గంటలు మాట్లాడకూడదు. మెడ నుంచి నొప్పి దిగుతుంటే మెడ చూపించుకోవాలి. రెండు పాదాలూ కూడా తిమ్మిరెక్కుతుంటే ముందు షుగరు పరీక్ష.

ఇంట్లో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా మణికట్లు పూర్తిగా వంచి 60 సెకన్లు ఉంచండి. లేదా మణికట్టు ముడత దాటగానే అరచేతి మధ్య భాగాన్ని రెండో చేతి బొటనవేలితో 30 సెకన్లు గట్టిగా నొక్కండి. పైన చెప్పిన వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడినట్టే. రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మన జిల్లాల్లో ఒక్కటి మాత్రం తప్పక చూసుకోవాలి. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉన్నా, మోచేతి లోపలి వైపు నరం తాడులా లావుగా తగులుతున్నా అది కుష్ఠు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం. ఆలస్యం చేస్తేనే వేళ్లు వంకర పోతాయి. భయపడి దాచిపెట్టకండి.

పట్టీ ఎలా కట్టుకోవాలి

మొదటి వైద్యం రాత్రి పట్టీయే. మెడికల్ షాపులో లోపల రేకు ఉండే రిస్ట్ స్ప్లింట్ అడగండి, సాగే గుడ్డ పట్టీ చాలదు. అక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. చాలా స్ప్లింట్లలో రేకు మణికట్టును 20–30 డిగ్రీలు పైకి లేపేలా వంగి ఉంటుంది. రేకు బయటికి తీసి, బల్ల మీద నొక్కి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. కట్టుకున్నాక మోచేతి నుంచి నడివేలి వరకు గీత గీసినట్టు చెయ్యి తిన్నగా ఉండాలి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. ముందు అంచు అరచేతి గీతలు దాటకూడదు, పిడికిలి బిగించగలగాలి. వేళ్లు నల్లబడినా చల్లబడినా పట్టీ బిగుతుగా ఉన్నట్టే.

రోజూ రాత్రంతా, 6 వారాలు తప్పకుండా కట్టుకోవాలి. నాలుగు రోజులు కట్టి తగ్గలేదని తీసేస్తే ఏ ఫలితమూ తెలియదు. పగలు బైకు నడిపేటప్పుడు తిమ్మిరొస్తే అప్పుడూ కట్టుకోవచ్చు. బరువు పని చేస్తూ మాత్రం కట్టుకోవద్దు, చెయ్యి పట్టీతో పోరాడి ఇంకా అలసిపోతుంది.

పనిలో మార్పులు

పని మానేయమని ఎవరం చెప్పలేం. తీరు మార్చాలి. కొడవలి, తొళ్లిక పిడి సన్నగా ఉంటే పాత సైకిలు ట్యూబు చుట్టి లావు చేయండి. సన్నని పిడిని ఎక్కువ బిగించి పట్టాల్సి వస్తుంది, నరాన్ని నొక్కేది ఆ బిగింపే. సంగటి కెలికేటప్పుడు గిన్నెను కిందికి దించి, పొడవాటి తెడ్డును రెండు చేతులా పట్టుకుని, మణికట్టు తిప్పకుండా భుజం బలంతో కెలకండి. శెనక్కాయలు ఒలిచేటప్పుడు అరగంటకోసారి రెండు నిమిషాలు వేళ్లు చాచి చేతులు మార్చుకోండి. బండల పాలిష్ మిషన్ వణుకు ఎక్కువైతే అరిగిన రాయి మార్చాలి, దాన్ని బలంగా అదిమి పట్టడం పరిష్కారం కాదు. నూనె మర్దన ఆ కాసేపు హాయినిస్తుంది. నొప్పి ఉన్న చోటే గట్టిగా రుద్దితే నరానికే దెబ్బ.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

6 వారాల్లో తగ్గకపోతే, లేదా పగలంతా తిమ్మిరి పోకుండా ఉంటే కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగానికి వెళ్లండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు అడిగి చేయించుకోండి. ఈ జబ్బు వెనుక కొందరిలో ఆ రెండింట్లో ఏదో ఒకటి ఉంటుంది. గర్భిణుల్లో వచ్చే తిమ్మిరి ఎక్కువగా కాన్పు తర్వాత దానంతటదే తగ్గుతుంది, అంతవరకు పట్టీ చాలు. నరం ఎంత దెబ్బతిన్నదో తేల్చడానికి నరాల కరెంటు పరీక్ష రాయవచ్చు. దానిలో చిన్న చురుకులు తప్ప ప్రమాదం లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది. షుగరు ఉన్నవాళ్లు తర్వాత వారం రోజులు షుగరు చూసుకుంటూ ఉండాలి. చేతి నుంచి గిన్నెలు జారిపోతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే, బొటనవేలి మొదట్లోని కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడితే ఇక ఆగకండి, ఆపరేషన్ మాట అడగండి. పడి మణికట్టు విరిగాక తిమ్మిరి గంటగంటకూ పెరుగుతుంటే ఆ రోజే వెళ్లాలి. చెయ్యితోపాటు మూతి వంకర పోయినా మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ చిన్నదే. చెయ్యికి మత్తిచ్చి, అరచేతి మొదట్లో నరం పైనున్న ఆ దిట్టమైన పట్టీని కోస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. మొదటి రోజు నుంచే వేళ్లు కదిలించాలి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కుట్లు 10–14 రోజులకు తీస్తారు, అప్పటిదాకా మట్టీ పేడా తగలనీయకూడదు. పార పట్టే పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, మడి తడిపే కాలం చూసి తేదీ పెట్టించుకోండి. రాత్రి తిమ్మిరి త్వరగా పోతుంది. కోసిన చోట నొప్పి, పట్టు సడలడం కొన్ని నెలలు ఉండొచ్చు. ముందే కరిగిపోయిన కండ మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.