వానాకాలం కొత్తిమీర: ముందు కట్ట విప్పండి

పోయిన వారం మా వీధిలో ఒక బాబుకు బడిలోనే ఫిట్స్ వచ్చాయి. స్కాన్ చేస్తే మెదడులో బద్దెపురుగు తిత్తి ఉందన్నారు. "మా ఇంట్లో పంది మాంసం ముట్టం, మాకెట్లా వచ్చింది?" అని వాళ్లమ్మ కనపడ్డ ప్రతివాళ్లనూ అడుగుతోంది. అప్పటినుంచి నల్లగొండలో మా చుట్టుపక్కల చాలామంది, వాటిలోని పురుగే మెదడుకు పోతుందని గోబీ, క్యాబేజీ కొనడం మానేశారు. అసలు భయపడాల్సింది వాటికి కాదు.

సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ల పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. వాళ్ల మలంలో వచ్చే గుడ్లు ఎవరి కడుపులోనైనా పడితేనే మెదడులో తిత్తులు తయారవుతాయి. ఆ గుడ్లు మట్టిలో, మురుగు నీటిలో, ఆకు మీద ఉంటాయి, కంటికి కనపడవు. అందుకే మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. గోబీలో కనిపించే పచ్చపురుగు వేరు, అది మెదడులోకి పోదు. బాగా ఉడికిన క్యాబేజీకి టెన్షన్ అక్కర్లేదు.

మనం పచ్చిగా తినేది కొత్తిమీర, పుదీనా. కూర దింపాక చల్లుతాం, పచ్చిపులుసులో వేస్తాం. హైదరాబాద్ మురుగంతా కలిసిన మూసీ మన జిల్లా మీదుగానే పోతుంది. ఆ నీళ్లు పారని మడుల్లో కూడా వానకు మట్టి చింది ఆకుకు అంటుకుంటుంది. అంగడిలో వాడిపోకుండా గోనెసంచి కప్పి, పొద్దున్నుంచీ అదే బకెట్ నీళ్లు చల్లుతుంటారు.

నేను ఇల్లిల్లూ చూసిన తప్పు ఒకటే: కట్ట కట్టలాగే నల్లా కింద పెట్టి, రెండుసార్లు విదిలించి, కత్తిపీట మీద తరిగేయడం. నీళ్లు పైఆకుల మీద నుంచి జారిపోతాయి. దారం బిగిసిన చోట, కాడల సందుల్లో మట్టి అట్లాగే ఉంటుంది. గుడ్లు ఉండేదీ అక్కడే. కట్ట విప్పండి. వేర్లు కోసి పారేయండి. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకును వేళ్లతో కలుపుతూ రుద్దండి. తర్వాత ఆకును పైకి ఎత్తి తీయాలి, నీళ్లు వంపొద్దు. వంపితే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. గిన్నె అడుగున ఇసుక కనపడనంతవరకూ నీళ్లు మార్చండి, చివరికి నల్లా కింద ఒకసారి.

ఉప్పు, పసుపు, వెనిగర్ వేస్తే చాలనుకోవద్దు. మట్టి అంటిన ఆకుతో కడుపులోకి పోయే పురుగు ఇంకోటి ఉంది, ఏలికపాము. దాని గుడ్డు పెంకు గట్టిది, నల్లా నీళ్లలో కలిపే క్లోరిన్‌కే చావదు. ఒక ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది, అవి మట్టిలో ఏళ్లపాటు ఉండగలవు. కడిగితే తగ్గుతాయి, చంపేది మాత్రం వేడే. అందుకే ఈ నాలుగు నెలలు కొత్తిమీర పొయ్యి ఆపకముందే వేయండి, కూర మళ్లీ కుతకుత ఉడకాలి.

పిల్లలకు పచ్చిపులుసులో ఆకు వేయకండి.

కీర, క్యారెట్, ముల్లంగి రుద్ది కడిగి, చెక్కు తీసి, మళ్లీ కడగాలి.

బత్తాయిని కోసేముందు కడగండి, తొక్క మీది మురికి కత్తితో లోపలికి పోతుంది.

వంట చేసేవాళ్ల గోళ్లు కత్తిరించి ఉండాలి. దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బు. బూడిద, మట్టి వద్దు.

సెప్టిక్ ట్యాంకర్ వదిలే చెలక పక్క ఆకుకూర ఊరికే ఇచ్చినా తేవొద్దు.

ఫిట్స్ వచ్చినవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా నులిపురుగుల మాత్ర వేయొద్దు. మెదడులో తిత్తి ఉంటే వాపు పెరిగి మళ్లీ ఫిట్స్ రావచ్చు. మిగతా పిల్లలకు, 1 నుంచి 19 ఏళ్లవాళ్లకు, నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి.

కట్ట విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

ఫంక్షన్ వంటల్లో బస్తాలకొద్దీ కొత్తిమీర కట్టలాగే తరిగేస్తారు. వంట మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, కట్టలు విప్పి కడగడానికే ఒక మనిషిని పెట్టించండి.