పారామీటర్‌కి 'లిస్ట్' అని పేరు పెట్టకండి

పైథాన్‌లో క్లాస్ రాసేటప్పుడు ఇనిట్ మెథడ్‌లోనే (ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే __init__) ఆర్గ్యుమెంట్ల టైప్ చూసుకోండి. టైప్ హింట్ (ఏ రకం విలువ రావాలో చెప్పే సూచన) రాస్తే చాలని చాలామంది అనుకుంటారు కానీ, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పైథాన్ వాటిని పట్టించుకోదు. మార్కుల లిస్ట్ రావాల్సిన చోట '85' అనే స్ట్రింగ్ వచ్చినా తీసేసుకుంటుంది. తప్పు ఎక్కడో దూరంగా, ఇంకో ఫంక్షన్‌లో బయటపడుతుంది.

అయితే ఆ చెక్ రాయడంలోనే ఒక చిక్కుంది. పారామీటర్‌కి లిస్ట్ అని పేరు పెట్టి, విలువ టైప్ చూసే ఈజ్‌ఇన్‌స్టాన్స్ (isinstance) ఫంక్షన్‌తో అది లిస్టేనా అని అడిగారనుకోండి. ఆ మెథడ్ లోపల లిస్ట్ అంటే ఇక టైప్ కాదు, మీరు పంపిన విలువే. దాంతో సరైన లిస్ట్ పంపినా టైప్ఎర్రరే వస్తుంది! డేటాలో ఏం తప్పుందా అని టెన్షన్ పడుతూ వెతుకుతాం, తప్పేమో పేరులో ఉంటుంది. హాయిగా 'మార్క్స్' అని పెట్టండి. పైథాన్‌లో ముందే ఉన్న స్ట్ర్, డిక్ట్, టైప్, ఐడీ పేర్లతోనూ ఇదే జాగ్రత్త. ఆ పేరే కావాలంటే చివర అండర్‌స్కోర్ చేర్చండి.

ఇంకొకటి, ట్రూ కూడా ఇంట్ (పూర్ణాంకం) కిందే లెక్క. వయసు లాంటివి చెక్ చేసేటప్పుడు బూల్‌ని (ట్రూ, ఫాల్స్‌ల టైప్) విడిగా ఆపాలి. ఈ చెక్‌లకి అసర్ట్ (షరతు తప్పితే ఎర్రర్ ఇచ్చే స్టేట్‌మెంట్) వద్దు, ప్రోగ్రామ్‌ని మైనస్ పెద్ద ఓ (-O) ఆప్షన్‌తో నడిపితే అసర్ట్ పనిచేయదు. టైప్ఎర్రర్ రైజ్ చేయండి.