వచ్చీరాని భాషతో వియత్నాంలో ఒంటరిగా: బయల్దేరే ముందు జాగ్రత్తలు

వియత్నాం భాష ఒక్క ముక్క రానివాళ్లకు అక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు. గైడ్ చూసుకుంటాడు, లేదంటే ఎదుటివాళ్లే ఫోన్‌లో అనువాదం పెట్టి చూపిస్తారు. చిక్కంతా కొన్ని నెలలు యాప్‌లో నేర్చుకుని, మిగతాది అక్కడే తిరుగుతూ పట్టేద్దామని ఒంటరిగా బయల్దేరేవాళ్లకే. రెండు వాక్యాలు సరిగ్గా పలికారంటే అవతలివాళ్లు సంబరపడిపోయి గడగడా మాట్లాడేస్తారు. మనం అర్థమైనట్టు తలూపుతాం. ఆ ఊపులోనే బండి అద్దెకు ఒప్పేసుకుంటాం, పాస్‌పోర్టు చేతిలో పెట్టేస్తాం.

అందుకని ఏ పనులు వచ్చీరాని భాషతో చేయొచ్చో, ఏవి చేయకూడదో ఇంటి దగ్గరే తేల్చుకోండి. కాఫీ, బేరం, రైల్లో కబుర్లు, వీటిలో ఎన్ని తప్పులైనా దొర్లనివ్వండి. అద్దె కాగితం, పోలీసు, ఆసుపత్రి, అలర్జీ దగ్గర మాత్రం రాసి చూపించడమే. మీకున్న అలర్జీలు, వాడే మందులు, రక్తం గ్రూపు వియత్నామీలో ఒక కాగితం మీద రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకోండి. అనువాదం యాప్ రాసిచ్చింది నేరుగా నమ్మకుండా, భాష వచ్చినవాళ్లెవరికైనా ఒకసారి చూపించండి. తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడితే మాత్రం లాభం లేదు. ఆ భాషలో స్వరం మారితే మాటే మారిపోతుంది, హనోయ్ వైపు ఆరు స్వరాలున్నాయి, మన లిపి వాటిని పట్టుకోలేదు. వాళ్ల అక్షరాలు, వాటి మీది గుర్తులతో సహా, మొదటి వారంలోనే నేర్చేసుకోండి.

ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు. చివర గవ్ డాట్ వీఎన్ అని ఉన్న ప్రభుత్వ సైట్‌లోనే చేసుకోవాలి, అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. మన ఇంటిపేర్లతోనే అసలు తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుంటే అక్కడే, ఒక్క అక్షరం తేడా లేకుండా నింపండి. తేడా ఉంటే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. ఇంకో మాట: భాష నేర్పుతాం, బదులుగా మా సెంటర్‌లో పిల్లలకు ఇంగ్లీష్ చెప్పండి అని ఎవరైనా అడిగితే ఎంత ముచ్చటగా అనిపించినా ఒప్పుకోకండి. టూరిస్ట్ వీసా మీద అది చట్టవిరుద్ధం. భాష కోసం ఎవరింట్లోనైనా దిగితే, మీరు ఉంటున్నట్టు స్థానిక పోలీసులకు తెలియజేశారో లేదో ఇంటివాళ్లను అడగండి. హోటళ్లు ఆ పని వాటంతటవే చేస్తాయి, ఇళ్లలో మర్చిపోతుంటారు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా జాగ్రత్తల్లో భాగమే. ఉత్తరాన తుపాన్ల కాలం జులై నుంచి సెప్టెంబర్ దాకా. 2024 సెప్టెంబర్‌లో యాగీ తుపాను అక్కడ ఊళ్లకు ఊళ్లే ముంచేసింది. హ్యూ, హోయ్ ఆన్ ఉన్న మధ్య భాగంలో అక్టోబర్, నవంబర్ నెలల్లో వరదలు. ఇక తెత్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. ఆ వారంలో రైలు టికెట్లు దొరకవు, తిండి హోటళ్లు చాలావరకు మూసేస్తారు, మాట్లాడదామన్నా జనం సొంతూళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్ప ఆ రోజులు వదిలేయండి.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాల్సింది బండి గురించి. మన దగ్గర ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. అద్దెకిచ్చేవాడు లైసెన్స్ గురించి అడగనే అడగడు, అందరూ నడుపుతున్నారు కదా అనిపిస్తుంది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఆ లైసెన్సే. 50 సీసీ లోపు బండ్లకు లైసెన్స్ అక్కర్లేదు కానీ, ఉత్తరాన ఉన్న హా జాంగ్ కొండల మీదికి వాటితో పోలేం. అక్కడికి నడిపేవాణ్ని పెట్టుకుని వెనక కూర్చోండి. భాషకు కూడా అదే మేలు, రోజంతా మాట్లాడటానికి మనిషి దొరుకుతాడు. లైసెన్స్ ఉన్నా సరే, తాగి నడపడానికి అక్కడ సున్నా పరిమితి, ఒక్క బీరు కూడా కుదరదు.

డబ్బు దగ్గర కళ్లు చెవులు రెండూ మోసం చేస్తాయి. 20 వేల డాంగ్ నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. సందడిలో తొందరపడితే డెబ్బై రూపాయల చోట సుమారు పదిహేడు వందలు ఇచ్చేస్తారు. 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టండి. ధర చెప్పేటప్పుడు వేలు నోట పలకరు, యాభై అంటే 50 వేలు. పదిహేనుకూ యాభైకీ దాదాపు అవే రెండు ముక్కలు ముందువెనకలవుతాయి. కాబట్టి ఎంత బాగా అర్థమైందనుకున్నా కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించమనండి, వాళ్లేమీ అనుకోరు.

చిరునామా అడగడం కూడా ఇంతే. 2025 జులై 1 నుంచి 63 ప్రాంతాలను కలిపి 34 చేశారు, జిల్లా అన్న అంచెనే తీసేశారు. హోయ్ ఆన్ ఇప్పుడు దనాంగ్ కిందికి వస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో, పాత మ్యాపుల్లో ఉన్నది వేరు. లే లోయ్, చాన్ హుంగ్ డావ్ లాంటి పేర్లున్న వీధులు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. హోటల్ కార్డు ఫోటో తీసి పెట్టుకుని అదే చూపించండి. సైగాన్‌లో, అంటే హో చి మిన్ సిటీలో, రోడ్డు అంచున నిలబడి అనువాదం యాప్‌లోకి మాట్లాడకండి, బైక్ మీద వచ్చి ఫోన్ లాక్కుపోతారు. ఏదైనా షాపులోకి వెళ్లి తీయండి.

శాకాహారులు "మాంసం వద్దు" అని నేర్చుకుంటే సరిపోదు. హోటల్లో వడ్డించే ఆమె నవ్వుతూ సరే అంటుంది, గిన్నెలో మాంసం ముక్క ఉండదు. ఎముకలు ఉడికించిన పులుసులో నూడుల్స్, పైన చేపల సాస్, ఒకోసారి రొయ్యలు మాత్రం ఉంటాయి. ఆమె మోసం చేయలేదు, మీరడిగింది ఇచ్చింది. "చాయ్" (Chay, టీ కాదు, శాకాహారం అని) బోర్డు ఉన్న బౌద్ధుల శాకాహార హోటల్ వెతుక్కోవడమే మార్గం. పౌర్ణమి నాడూ, వాళ్ల చాంద్రమాన నెల మొదటి రోజునా ఇవి కిటకిటలాడతాయి.

మాట కలిపితే ముందు వయసు అడుగుతారు, తర్వాత పెళ్లయిందా అంటారు. మనకిది కొత్త కాదు కదా. అన్నా, అక్కా, పిన్నీ, బాబాయ్ అని వరస కలిపితేగానీ అక్కడ వాక్యమే మొదలు కాదు. అయితే ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు ఒకటి గుర్తుంచుకోవాలి. మగవాణ్ని అన్న వరసతో పిలుస్తూ తనను చెల్లి వరసతో చెప్పుకోవడం అక్కడ మామూలే, కానీ ప్రేమికులు, భార్యాభర్తలు వాడేదీ అదే జంట. భాష నేర్పుతానని చాట్‌లో పరిచయమైనవాళ్లతో వరసలు లేకుండా పేర్లతోనే మాట్లాడండి.

పల్లెల్లో భాష రాగానే దక్కే మర్యాద ఇంట్లో కాచిన సారా. రెండు చేతులతో గ్లాసు అందుకుని, మందులు వాడుతున్నానని చెప్పి పక్కన పెట్టేయండి, ఆ వాక్యం ముందే నేర్చుకుని వెళ్లండి. 2024 నవంబర్‌లో పక్కనున్న లావోస్‌లోని వాంగ్ వియాంగ్‌లో మిథనాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీయులు చనిపోయారు.

కుక్క కరిస్తే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి, ఊరు మారాక చూద్దామని ఆగొద్దు. పోలీసుకు 113, ఫైర్‌కు 114, అంబులెన్స్‌కు 115. ఫోన్ తీసినవాళ్లకు ఇంగ్లీష్ రాకపోవచ్చు, పక్కనున్న మనిషికి ఫోన్ ఇచ్చి మాట్లాడించండి. భారత రాయబార కార్యాలయం హనోయ్‌లో, కాన్సులేట్ హో చి మిన్ సిటీలో ఉన్నాయి. రెండు నంబర్లూ ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకోండి.